డెయిరీలో పుట్టిన దున్న దూడ నెల తిరిగేసరికి ఎక్కడికి పోతోంది?

పాలగిన్నె (అత్తాపూర్), ఆదివారం ఉదయం 7:20

అందరికీ నమస్కారం. మా ఇంట్లో ప్యాకెట్ పాలు మానేసి పదకొండేళ్లయింది. రెండు వీధుల అవతల ఒక బర్రెల డెయిరీ ఉంది. పొద్దున్నే క్యాన్ పట్టుకుని వెళ్లి, కళ్ల ముందు పితికించుకుని తెచ్చుకుంటాను. లీటరు 100 రూపాయలు. నీళ్లు కలపరు, పౌడర్ కలపరు అనే ధైర్యం.

మూడు వారాల కిందట అక్కడ ఒక బర్రె ఈనింది. దున్న దూడ పుట్టింది. నుదుటి మీద రూపాయి బిళ్లంత తెల్ల మచ్చ. ఆ రోజే నాకు లీటరు జున్నుపాలు కూడా ఇచ్చారు. బెల్లం, మిరియాల పొడి వేసి జున్ను వండి పక్కింటికీ పంపాను.

ఇప్పుడు ఆ దూడను చూడలేకపోతున్నాను. పాలు పితికే ముందు దాన్ని వదులుతారు. ఒక్కో చన్ను దగ్గర రెండు గుక్కలు తాగుతుందో లేదో, తల్లి చేపగానే, అంటే పొదుగులోకి పాలు దిగగానే, మెడతాడు పట్టి లాగేసి తల్లి ముందు కాళ్ల దగ్గర కట్టేస్తారు. తల్లి దాని వీపు నాకుతూ ఉంటే వెనక బకెట్ నిండుతుంది. అంతా అయ్యాక మళ్లీ వదులుతారు. అది ఖాళీ పొదుగును తలతో కుమ్మి కుమ్మి, చివరికి అక్కడే కూలబడుతుంది. వెన్నుపూస తేలింది. తోక కింద పారుడు ఎండి అట్టకట్టింది. నిన్న గోడ సున్నం నాకుతోంది.

అక్కడ పనిచేసే అబ్బాయిని అడిగితే, "దున్నదే కదమ్మా, ఎన్ని రోజులుంటది" అన్నాడు. కసిరినట్టు కాదు, మామూలుగానే అన్నాడు. పదకొండేళ్లుగా వెళ్తున్నానా, అక్కడ నా నడుము ఎత్తు దున్నపోతును ఒక్కదాన్ని కూడా చూడలేదని అప్పుడు తట్టింది. ఇవన్నీ ఎక్కడికి పోతున్నాయి? మాంసానికేనా? తెలిసినవాళ్లు ఉన్నది ఉన్నట్టు చెప్పండి.

నిజాంపేట్_టెర్రస్, ఆదివారం ఉదయం 8:05

మా దగ్గరా ఇంతే అక్కా. నేను అడగలేదు కానీ చాలాసార్లు అనుకున్నాను.

కొట్టం_ముచ్చట్లు (ఉప్పల్ దాటాక), ఆదివారం మధ్యాహ్నం 2:40

అక్కా, నాకు 14 బర్రెలున్నాయి. మా నాయన కాలం నుంచి ఇదే పని. ఉన్నది ఉన్నట్టు అడిగారు కాబట్టి అలాగే చెప్తాను. తిట్టాలనిపిస్తే తిట్టండి.

సిటీ డెయిరీకి బర్రె ఎలా వస్తుందో ముందు చెప్పాలి. ఊళ్లో రైతు దగ్గర అది ఈనుతుంది, వట్టిపోతుంది, మళ్లీ కడుపుతో ఉంటుంది. మా దగ్గర అట్ల కుదరదు. జాగా లేదు, పచ్చిగడ్డి కొనాలి, కరెంటు, నీళ్లు అన్నీ కొనుడే. అందుకని చాలామంది హర్యానా నుంచి ముర్రా జాతి బర్రెను ఈనిన కొత్తల్లోనే కొని తెస్తారు. పది నెలలు పితికి, వట్టిపోగానే అమ్మేసి ఇంకోటి తెస్తారు. అలాంటి చోట దూడ అంటే తల్లిని చేపించే సాధనం, అంతే. పెయ్యకే, అంటే ఆడ దూడకే, సరిగ్గా దిక్కు ఉండదు, ఇక దున్నకు ఎక్కడిది?

లెక్క చూడండి. దూడకు రోజుకు మూడు లీటర్లు వదలాలి. మీరిచ్చే ధరకు అది 300 రూపాయలు. రెండు నెలలకు 18 వేలు. అప్పుడు కూడా ఆ దున్నను కొనేవాడు ఉండడు. ట్రాక్టర్లు వచ్చాక నాగలికి దున్నను కట్టేవాళ్లు ఎవరు? పోయిన ఏడు మా పక్క కొట్టంలో నెల రోజుల దున్న దూడకు దళారి 700 ఇచ్చాడు. ఎక్కడికి తీసుకుపోతాడో వీళ్లు అడగరు, అతనూ చెప్పడు. దళారి చేతికి వెళ్లేది కూడా నిలబడగలిగినదే. చాలావరకు అంతదాకా రావు. కొట్టంలోనే పోతాయి.

దూడ చచ్చిపోతే తల్లి చేపదు. వెనకట మా నాయన చచ్చిన దూడ తోలు ఒలిపించి, ఉప్పు రాసి ఆరబెట్టి, లోపల వరిగడ్డి కూరి కుట్టించేవాడు. దాన్ని బర్రె ముందు పెడితే వాసన చూసి నాకేది, పాలు దిగేవి. నాకప్పుడు తొమ్మిదేళ్లు. ఆ తోలు దూడను దొడ్డి మూల నుంచి ఎత్తుకొచ్చి పెట్టే పని నాదే. అది బరువుండేది కాదు. ఇప్పుడు దాని బదులు కొందరు సూది వేస్తున్నారు.

నా దగ్గర దూడకు ఒక చన్ను పాలు పూర్తిగా వదిలేస్తాను. అంతకుమించి నా వల్ల కావట్లేదు.

సెక్షన్_బుక్కు (నాంపల్లి), ఆదివారం సాయంత్రం 6:15

లా చదువుతున్నాను. సూది గురించి ముందు చెప్తాను. పాల కోసం పశువుకు ఆక్సిటోసిన్ (పాలు దిగేలా చేసే హార్మోన్) లాంటివి ఎక్కించి దాని ఆరోగ్యం చెడగొడితే, 1960 నాటి జంతు హింస నిరోధక చట్టం 12వ సెక్షన్ కింద నేరం. 1,000 రూపాయల వరకు జరిమానా, రెండేళ్ల వరకు జైలు, లేదా రెండూ.

దూడను పస్తు పెట్టడం 11వ సెక్షన్ కిందికి వస్తుంది. యజమాని పశువుకు సరిపడా మేత, నీరు, నీడ ఇవ్వకపోతే నేరమని అందులో స్పష్టంగా ఉంది. శిక్ష ఏమిటో తెలుసా? మొదటిసారి అయితే 10 నుంచి 50 రూపాయల జరిమానా. మనం పుట్టకముందు రాసిన అంకె అది. ఇప్పుడు దానికి అర లీటరు పాలకు మించి రావు.

ఇక వధ సంగతి. మన దగ్గర 1977 నాటి గోవధ నిషేధ చట్టం ఆవుతో పాటు ఆవు దూడ, బర్రె దూడ వధను కూడా నిషేధించింది. పెద్ద దున్నలు, ఎద్దులు, బర్రెల విషయంలో మాత్రం సేద్యానికి, పాలకు, సంతానానికి పనికిరావని అధికారి సర్టిఫికెట్ ఇస్తే వధకు వీలుంది. కేంద్రం 2001లో తెచ్చిన వధశాల నియమాల ప్రకారం మూడు నెలల లోపు ఏ పశువునూ కోయకూడదు. మూడు నెలల లోపు పిల్ల ఉన్న తల్లినీ కోయకూడదు.

కాబట్టి ఆ 700 రూపాయల దూడ మాంసంగా మారితే, అది చట్టం కళ్లు కప్పే జరిగింది. కానీ దళారి దాకా వెళ్లకుండా కొట్టంలోనే ఆకలితో పోయిన దూడ కోసం ఈ దేశంలో ఎవరి మీదైనా కేసు పెట్టారా అని వెతికాను. నాకు ఒక్కటీ కనబడలేదు.

నిర్వాహకుడు, ఆదివారం రాత్రి 9:30

మతం పేరు ఎత్తి రాసిన రెండు వ్యాఖ్యలు తీసేశాను. దూడ గురించే మాట్లాడదాం.

పాతబస్తీ_పిల్లగాడు, ఆదివారం రాత్రి 11:10

సలాం. తీసేసిన ఆ రెండు వ్యాఖ్యలూ నేను చదివాను. అయినా రాస్తున్నాను.

మా తాత, నాన్న పెద్ద గోష్ట్ (పెద్ద పశువుల మాంసం) దుకాణం నడిపారు. కల్యాణి బిర్యానీ చేసే హోటళ్లకు మాంసం ఇచ్చేవాళ్లం. మా దగ్గరికి వచ్చేది డాక్టర్ స్టాంపు పడిన పెద్ద పశువు. చిన్న దూడలను నాన్న ముట్టేవాడు కాదు. ఆ మాంసం పాలిపోయి, నీరు నీరుగా ఉంటుంది, వండితే సగం అయిపోతుంది. కైమాలో కలిపేస్తే కొన్నవాడికి తెలియదు, చవగ్గా వస్తుంది కాబట్టి తీసుకునేవాళ్లు ఉన్నారు. దాన్ని కాదనను.

నేను ఇంటర్ చదివేటప్పుడు ఒక తెల్లవారుజామున ఒకతను ఆటో ట్రాలీ తెచ్చి మా గల్లీలో ఆపాడు. టార్పాలిన్ కింద తొమ్మిది దూడలు. నాలుగు కాళ్లూ కలిపి కట్టేసి, ఒకదాని మీద ఒకటి. కింద రెండు అప్పటికే పోయాయి. నాన్న అతని మీద అరుస్తుంటే నేను టార్పాలిన్ పక్కకు లాగాను. పైనున్న దూడ నా వేలు నోట్లోకి తీసుకుని చప్పరించింది. పళ్లు కూడా సరిగ్గా రాలేదు, నాలుక గరుకుగా, ఎండిపోయి ఉంది. బొడ్డు ఇంకా పచ్చిగానే ఉంది.

పశువు ముందు కత్తి నూరొద్దు, కోసేముందు దానికి నీళ్లు పెట్టు అని మాకు చిన్నప్పుడే నేర్పుతారు. ఆ దూడలు మా గల్లీకి రాకముందే, ఏ డెయిరీలోనో ఎన్ని రోజుల నుంచి పస్తున్నాయో. తినేవాళ్లను అనే ముందు ఆ లెక్క కూడా అడగండి.

కార్క్_తెలుగోడు, సోమవారం తెల్లవారుజామున 3:50

అక్కా, నేను ఐర్లండ్‌లో ఒక పాల ఫ్యాక్టరీ ల్యాబ్‌లో పనిచేస్తాను. ఇది మన దగ్గరే ఉన్న జబ్బు కాదని చెప్పడానికి రాస్తున్నాను.

ఇక్కడ పాల ఆవుల్లో ఎక్కువ భాగం వసంతకాలంలోనే ఈనుతాయి, గడ్డి మొలిచే కాలానికి పాలు ఉండాలని. పాలజాతి కోడెదూడకు కండ పట్టదు కాబట్టి ధర ఉండదు. రెండు మూడు వారాల దూడలను లారీల్లో రోస్లేర్ రేవుకు తెచ్చి, ఓడలో ఫ్రాన్స్‌లోని షేర్‌బుర్‌కు పంపుతారు. సముద్రం మీదే దాదాపు 18 గంటలు. ఇంకా పాలు మరవని పిల్లలవి. ఓడ మీద లారీలోని దూడలకు పాలు పట్టడం కుదరదు. అక్కడి నుంచి చాలా దూడలు నెదర్లాండ్స్‌కు వెళ్తాయి. ఆ దేశం దూడ మాంసానికి పెద్ద కేంద్రం. ఆ మాంసాన్ని వీల్ అంటారు. మాంసం తెల్లగా ఉండాలని ఇనుము తక్కువున్న పాలపొడి ద్రవం పట్టి పెంచుతారు.

ఒకప్పుడు వాటిని ఒళ్లు తిప్పుకోవడానికి కూడా వీల్లేని చెక్క అరల్లో పెట్టేవాళ్లు. బ్రిటన్ 1990లో ఆ అరలను నిషేధించింది, యూరోపియన్ యూనియన్ 2007 నుంచి. ఎనిమిది వారాలు దాటిన దూడను ఒంటరిగా ఉంచకూడదు, పీచు మేత పెట్టాలి, రక్తంలో హిమోగ్లోబిన్ ఇంతకు తగ్గకూడదు అని అంకెలతో సహా నియమాలున్నాయి. ఇవి ఊరికే రాలేదు. 1995 ఫిబ్రవరి 1న ఇంగ్లండ్‌లోని కవెంట్రీ విమానాశ్రయం దగ్గర దూడల ఎగుమతిని అడ్డుకోబోయి జిల్ ఫిప్స్ అనే ఆమె ఆ లారీ కిందే పడి చనిపోయింది. 31 ఏళ్లు. బ్రిటన్ వధకోసం బతికున్న పశువుల ఎగుమతిని చట్టం చేసి ఆపింది మాత్రం 2024లో.

నేను గమనించిన తేడా ఒకటుంది. ఇక్కడ దూడ లెక్కలో ఉంటుంది. పుట్టిన రోజుల్లోనే చెవికి ట్యాగ్ వేసి నమోదు చేస్తారు. చచ్చినా, అమ్మినా రికార్డు ఉంటుంది కాబట్టి జనం ప్రశ్న అడగగలుగుతున్నారు. మీ డెయిరీలో తెల్ల మచ్చ దూడ పుట్టినట్టు ఎక్కడైనా రాసి ఉందా?

పశువైద్యం_సిద్దిపేట, సోమవారం మధ్యాహ్నం 1:25

నేను పశువైద్యుణ్ని, రిటైరై నాలుగేళ్లయింది. పాలగిన్నె గారూ, మీ దూడ గురించి ముందు. పారుడు పట్టిన దూడ ఒంట్లో నీరు పోయి చనిపోతుంది. ఈ రోజే డాక్టర్‌కు చూపించండి. అంతవరకు కాచి చల్లార్చిన నీళ్లలో ఓఆర్‌ఎస్ కలిపి కొద్దికొద్దిగా పట్టించండి, పాలు ఆపొద్దు. ఏలికపాముల మందు పడిందో లేదో అడగండి. బర్రె దూడలకు ఆ పురుగు తల్లి పాల ద్వారానే వస్తుంది, అందుకే పది పదిహేను రోజులకే మందు తాగించాలి. గోడ నాకడం ఆకలి, ఖనిజ లోపం.

ఇప్పుడు ఒక మాట. మీకు బాధ కలిగిస్తుందని తెలిసే రాస్తున్నాను. మనిషి బిడ్డకు కడుపులో ఉండగానే తల్లి నుంచి కొంత రోగనిరోధక శక్తి అందుతుంది. బర్రె దూడకు, ఆవు దూడకు అలా అందదు. అది ఏ రక్షణా లేకుండా నేల మీద పడుతుంది. దానికి ఉన్న ఒకే టీకా జున్నుపాలు. పుట్టిన గంటా రెండు గంటల్లో మొదలుపెట్టి, మొదటి రోజులో ఒంటి బరువులో పదో వంతు తాగాలి. 30 కిలోల దూడకు 3 లీటర్లు. 24 గంటలు దాటితే పేగు జున్నుపాలలోని రక్షణ ప్రొటీన్లను (యాంటీబాడీలను) రక్తంలోకి తీసుకోవడం ఆపేస్తుంది. ఆ తర్వాత బిందెడు తాగించినా ఆ లోటు పూడదు.

హైదరాబాద్‌లో జున్నుపాలకు ఎంత గిరాకీ ఉందో మీకు తెలుసు. మామూలు పాలకంటే ఎక్కువ ధర, ముందే చెప్పి పెట్టుకునేవాళ్లు ఉంటారు. "దున్నదే కదా" అని మొదటి పితుకు నుంచే క్యాన్‌లోకి పోతే, ఆ దూడ మూడో వారంలో పారుడుతోనో న్యుమోనియాతోనో పోతుంది. కొట్టంలో ఎవరూ దాన్ని చంపలేదు. నా ముప్పై ఏళ్ల సర్వీసులో నేను చూసిన దున్న దూడల చావుల్లో ఎక్కువ భాగం మొదటి రోజే ఖాయమైపోయినవి.

2019 పశుగణన చూడండి. దేశంలో దాదాపు 11 కోట్ల గేదె జాతి పశువులుంటే ఆడవి 10 కోట్లకు పైన, మగవి 93 లక్షలు. పుట్టేటప్పుడు సగం సగమే పుడతాయి. పెద్దవయ్యాక కోతకు పోయేవి పోగా, మిగతావి ఏ లెక్కకూ ఎక్కకుండానే పోతున్నాయి.

నా అభిప్రాయం: దున్న దూడను పెంచితే రైతుకు డబ్బు రావాలి. 11వ పంచవర్ష ప్రణాళికలో కేంద్రం దున్న దూడలను కాపాడి పెంచే పథకం పెట్టింది. అలాంటిది మళ్లీ గట్టిగా నడవాలి. దూడగా ఆకలితో చావడం కంటే, కడుపు నిండా తిని పెద్దదయ్యాక చట్టప్రకారం కోతకు పోవడం దానికి మేలు. ఇంకో దారి లింగ నిర్ధారణ చేసిన వీర్యం. దాంతో నూటికి 90 పెయ్యలే పుడతాయి. చూలు కట్టే శాతం కాస్త తక్కువే అయినా, పస్తు పెట్టడానికి దున్న పుట్టకపోవడమే మంచిదని నేననుకుంటాను.

గడ్డిమోపు (శంషాబాద్), సోమవారం రాత్రి 8:00

డాక్టర్ గారూ, మీ మీద గౌరవం ఉంది కానీ ఒప్పుకోలేను. నేను ఒక చిన్న షెల్టర్‌లో ఆరేళ్లుగా సేవ చేస్తున్నాను. పట్టుబడిన లారీల్లోంచి దూడలు మా దగ్గరికి వస్తాయి. సీసాతో పాలు పడతాం. జున్నుపాలు తాగని దూడ ఏమిటో నాకు తెలుసు. రాత్రి పాలు తాగి తోక ఊపిన పిల్ల తెల్లారేసరికి బిగుసుకుపోయి ఉంటుంది.

కానీ "పెంచి, తర్వాత కోతకు" అంటే మళ్లీ దానికి ధర కట్టడమే కదా. ధర పడిపోయిన రోజు మళ్లీ ఈ పస్తులే. ఇంకో మాట, ఇది మా వాళ్లకే చెప్తున్నాను. ఆవు దూడ అంటే దాతలు వెంటనే ముందుకొస్తారు. బర్రె దూడ అనగానే ఫోన్ పెట్టేస్తారు. నల్లగా పుట్టడం, పూజలో చోటు లేకపోవడం దాని తప్పా?

పశువైద్యం_సిద్దిపేట, సోమవారం రాత్రి 8:50

అమ్మా, ధర కట్టకుండా ఎన్ని దూడలను పెంచగలం? మీ షెల్టర్‌లో ఎన్నింటికి చోటుంది?

గడ్డిమోపు, సోమవారం రాత్రి 9:05

నలభై. ఇప్పుడు అరవై మూడున్నాయి. మీరడిగినదానికి నా దగ్గర జవాబు లేదు. అయినా ఒప్పుకోను.

కొట్టం_ముచ్చట్లు, మంగళవారం ఉదయం 11:30

డాక్టర్ సార్ రాసింది మా ఇంట్లో చదివి వినిపించాను. జున్నుపాలు ముందు దూడకు అని మా అమ్మ ఎప్పుడూ అంటుంది. ఊళ్లో ఉన్నప్పుడు అట్లనే చేసేవాళ్లం. సిటీకి వచ్చాక ఆర్డర్లు మొదలైనయ్.

ఇంకో సంగతి మనసులో తిరుగుతోంది. దీపావళి తర్వాత మా వాళ్లం సదర్ చేస్తాం. నారాయణగూడలో చూసే ఉంటారు. దున్నపోతులను కడిగి, ఒళ్లంతా నూనె పట్టించి, కొమ్ములకు రంగులేసి, మెడలో పూలదండలు, గజ్జెలు వేసి, డప్పులతో తిప్పుతాం. హర్యానా నుంచి ఏనుగంత దున్నలను తెస్తారు. అవి ముందు కాళ్లు ఎత్తి లేస్తే జనం ఈలలు. మా కులానికి అది గౌరవం, నేనూ ఏటా ముందుంటాను. ఆ దున్న కూడా ఒకప్పుడు కొట్టంలో పుట్టిన దూడే కదా అని ఈసారి ఊరేగింపులో నిలబడ్డప్పుడు తోచింది. దానికి ఎవరో కడుపు నిండా పాలు వదిలారు. ఈ మాట మా సంఘం పెద్దల ముందు పెడతాను. జున్నుపాలు మొదటి రోజు అమ్మొద్దు అని ఒక్క కట్టుబాటు పెట్టుకున్నా చాలు. వింటారో లేదో తెలియదు.

కొనేవాళ్లు కూడా ఒక మాట సాయం చేయాలి. లీటరుకు ఐదు రూపాయలు ఎక్కువ అంటే పక్క డెయిరీకి పోతారు. దూడకు వదిలే పాలు ఎవరో ఒకరు భరించాలి, ఒక్క మా జేబులోంచే అంటే నడవదు.

పాలగిన్నె, మంగళవారం రాత్రి 10:15

డాక్టర్ గారి పోస్టు చదివి నిన్నంతా ఏమీ రాయలేకపోయాను. జున్నును పళ్లెంలో వజ్రం ముక్కల్లా కోసి, పిల్లలకు పెట్టి, ఫొటో తీసుకున్నాను. ఆ దూడ టీకా అది.

నిన్ననే డాక్టర్‌ను తీసుకెళ్లాను. సెలైన్ ఎక్కించారు, పురుగుల మందు తాగించారు. యజమానితో మాట్లాడాను. ఆయన చెడ్డవాడు కాదు. కొట్టం_ముచ్చట్లు అన్న చెప్పిన లెక్కే ఆయనా చెప్పాడు. నేను రోజూ తీసుకునే రెండు లీటర్లలో ఒకటి దూడకే వదలమన్నాను, డబ్బు రెండిటికీ ఇస్తానన్నాను. నా వెనక వరుసలో నిలబడ్డ ముసలాయన, "నాదీ పావు లీటరు రాసుకో" అన్నాడు. ఎన్నాళ్లు ఇలా అని నన్ను అడగకండి. పెద్దదయ్యాక ఏం చేయాలో నాకూ తెలియదు.

నిజాంపేట్_టెర్రస్, బుధవారం ఉదయం 7:40

మా డెయిరీలో ఈ రోజు అడిగాను. నేను అడిగినందుకు ఆయన చాలా ఆశ్చర్యపోయాడు. ఇద్దరం పోగయ్యాం, మూడో వాళ్ల కోసం చూస్తున్నాం.

పాలగిన్నె, తొమ్మిది రోజుల తర్వాత, శుక్రవారం ఉదయం 8:10

తెల్ల మచ్చది నిలబడింది. పేడ గట్టిపడింది. పక్కటెముకలు ఇంకా కనబడుతున్నాయి కానీ, నిన్న తాడు తెంపుకుని దాణా బస్తా మీద పడింది. గడ్డిమోపు గారూ, మీ నంబర్ నిర్వాహకుడి ద్వారా పంపండి, మాట్లాడాలి.

ఈ తెల్లవారుజామున ఇంకో బర్రె ఈనింది. మళ్లీ దున్నదే. యజమాని నన్ను చూసి అలవాటుగా క్యాన్ అందుకోబోయాడు, జున్నుపాలకు. ముందు అది తాగిందా అని అడిగాను. "ఇప్పుడే వదిలినం, రెండు చన్నులు" అన్నాడు. వెళ్లి చూశాను. ఒళ్లింకా తడిగానే ఉంది, తల్లి నాకుతోంది. దాని మూతికి పసుపు పచ్చని నురగ అంటుకుని ఉంది.